ఆదివారం కొట్లు తెరవని ఊళ్లో

విదేశాల్లో ఉన్నవారి గురించి మన ఇళ్లలో ఒక అభిప్రాయం ఉంది. అక్కడ అన్నీ దొరుకుతాయి, డబ్బుంటే చాలు, దేనికీ లోటుండదు అనుకుంటారు. రోడ్లు బాగుంటాయి, కరెంటు పోదు, కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. ఇవన్నీ నిజమే. కాని ఒక ఇల్లు నడవాలంటే బియ్యం కావాలి, పప్పు కావాలి, పెరుగు కావాలి, నాలుగు పచ్చిమిరపకాయలు కావాలి. అసలు కష్టం వీటి దగ్గరే మొదలవుతుంది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో మేము కాపురం పెట్టి కొన్నేళ్లయింది. ఇక్కడ వెచ్చాలు తెచ్చుకోవడంలో మేము పడిన అవస్థలను, వాటి వెనుక మాకు కనిపించిన కొన్ని సంగతులను పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బ్రౌన్‌ష్వైగ్ ఉత్తర జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ఉంది. జనాభా సుమారు రెండున్నర లక్షలు. ఊరి నడిబొడ్డున ఎనిమిది వందల ఏళ్లనాటి కంచు సింహం ఈ ఊరి గుర్తు. పక్కనే ఉన్న వోల్ఫ్స్‌బర్గ్‌లో పెద్ద కార్ల ఫ్యాక్టరీ ఉండటంతో మన దేశపు ఇంజనీర్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

మన ఊళ్లో పచారీ కొట్టుకు వెళితే ఏం చేస్తాం? చీటీ చదువుతాం. కొట్టతను పొట్లాలు కట్టి ఇస్తాడు. డబ్బు తక్కువైతే ఖాతాలో రాసుకుంటాడు. కూరగాయలమ్మి కొసరుగా రెండు రెమ్మల కరివేపాకు వేస్తుంది. ఇక్కడి సూపర్ మార్కెట్లో చీటీ చదవడానికి ఎవరూ ఉండరు. గుమ్మం దగ్గర బండ్లు ఒకదానికొకటి గొలుసులతో కట్టి ఉంటాయి. ఒక యూరో నాణెం దూరిస్తే బండి ఊడివస్తుంది. తిరిగి తెచ్చి కట్టేస్తే నాణెం మనకు వచ్చేస్తుంది. జేబులో నోట్లు ఎన్ని ఉన్నా నాణెం లేకపోతే బండి కదలదు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ మేము చెప్పే మొదటి మాట ఇదే. ఒక యూరో నాణెం ఎప్పుడూ విడిగా దాచుకోండి.

లోపలికి వెళ్లాక ఇంకో పరీక్ష. పెరుగు కోసం చూస్తే ఆ వరుసలో పాతిక రకాల తెల్లని డబ్బాలు. కొన్ని తీపివి, కొన్ని వెనిల్లా వాసనవి. 'క్వార్క్' అనే దాన్ని చూస్తే గడ్డ పెరుగులాగే ఉంటుంది గాని, వీళ్లు దాన్ని రొట్టె మీద రాసుకుంటారు, కేకుల్లో వాడతారు. 3.5 శాతం కొవ్వు అని రాసి ఉన్న తీపి లేని యోగర్ట్ మన పెరుగుకు దగ్గర. మజ్జిగ మాత్రం డబ్బాల్లో చక్కగా దొరుకుతుంది. కాస్త ఉప్పు, అల్లం వేసుకుంటే మనదే అనిపిస్తుంది.

గోధుమపిండి ప్యాకెట్ల మీద 405, 550, 1050 అని అంకెలుంటాయి. ఇవి ధరలు కావు. వంద గ్రాముల పిండిని కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ లెక్క. పొట్టు ఎక్కువగా ఉంటే బూడిద ఎక్కువ, అంకె పెద్దది. కాబట్టి 405 అంటే మన మైదా అన్నమాట. 1050 తీసుకుంటే చపాతీలకు పనికివస్తుంది. ఇది తెలిశాక మాకు ఆ అంకెలంటే భయం పోయింది.

అన్నీ అయ్యాక బిల్లు కట్టే చోటు. ఇక్కడ కౌంటర్లో పనిచేసేవారు కూర్చునే పనిచేస్తారు. మన ఊళ్లో షాపుల్లో రోజంతా నిలబడే ఆడపిల్లలను చూసిన కళ్లకు ఇది ఎంతో మంచిగా తోచింది. కాని వారి వేగం చూడాలి! ఒక్కొక్క వస్తువును రెప్పపాటులో ఇవతలికి తోసేస్తారు. సర్దిపెట్టే కుర్రాడు ఉండడు. సంచి మనమే తెచ్చుకోవాలి. 2022 నుండి పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను దేశమంతటా నిషేధించారు. పాలు, గుడ్లు, బంగాళదుంపలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే, వెనుక వరుసలో ఉన్నవారి చూపులు వీపున తగులుతుంటాయి. అందుకే ఇక్కడివారు సంచిలో సర్దరు. అన్నిటినీ బండిలోకే తోసుకుని, పక్కకు వెళ్లి తీరిగ్గా సర్దుకుంటారు. మేమూ అదే పద్ధతి పట్టాము.

ఖాళీ సీసాల సంగతి కూడా చెప్పాలి. ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ డబ్బా కొంటే 25 సెంట్లు అదనంగా కట్టాలి. దీన్ని 'ఫాండ్' అంటారు. 2003లో మొదలైంది. ఖాళీ సీసాను షాపులోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. పిల్లలకు ఇది సరదా. కాని సాయంత్రం వేళ రైల్వే స్టేషన్ దగ్గర, పార్కుల దగ్గర చెత్త డబ్బాల్లో చెయ్యి పెట్టి సీసాలు వెదుక్కునే ముసలివారిని చూసినప్పుడు సరదా ఉండదు. పింఛను చాలనివారు ఈ ధనిక దేశంలోనూ ఉన్నారు. అందుకే చాలామంది ఖాళీ సీసాను డబ్బా లోపల వేయకుండా పక్కన నేల మీద నిలబెట్టి వెళతారు. ఎవరో చెయ్యి లోపల పెట్టే అవసరం లేకుండా తీసుకుంటారని. ఎవరూ చెప్పకుండానే మా పెద్దవాడు ఈ అలవాటు నేర్చుకున్నాడు.

ఇవన్నీ చిన్న చిక్కులు. అసలు చిక్కు ఆదివారం. జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు. మందుల దుకాణాలు వంతులవారీగా ఒక్కొక్కటి తెరిచి ఉంటాయి. రైల్వే స్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో కొన్ని వస్తువులు దొరుకుతాయి. బేకరీలు పొద్దున కొన్ని గంటలు తెరుస్తారు. అంతే. పండుగలు కలిస్తే మరీ కష్టం. క్రిస్మస్‌కు 25, 26 రెండు రోజులూ సెలవే. 2020లో ఆ రెండూ శుక్ర, శనివారాలయ్యాయి, మర్నాడు ఆదివారం. వరుసగా మూడు రోజులు కొట్టు లేదు. శుభ శుక్రవారం మూత, ఈస్టరు ఆదివారం మూత, సోమవారం కూడా మూత. మధ్యలో ఉన్న ఒక్క శనివారం జనం చూడాలి, మన సంక్రాంతి ముందు రోజు బజారు గుర్తొస్తుంది.

మన ఊళ్లో ఆదివారం అంటే ఏమిటి? పొద్దున గుడి, ఆరాధన అయ్యాక దారిలో మటన్ కొట్టు, సంచిలో కొత్తిమీర కట్ట. మా ఇద్దరికీ చిన్ననాటి నుండి ఆదివారపు వాసన అదే. ఇక్కడ ఆరాధన ముగిసి బయటికి వస్తే వీధి వీధంతా నిశ్శబ్దం. షట్టర్లన్నీ దించి ఉంటాయి.

ఈ అవస్థలకు మేము అలవాటు పడ్డామనుకున్న సమయంలో మా పిల్లల అమ్మమ్మగారు గుంటూరు నుండి మూడు నెలల వీసా మీద వచ్చారు. డెబ్భై రెండేళ్ల మనిషి. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. వస్తూ ఆవకాయ, కందిపొడి, వడియాలు తెచ్చారు. మనుమల కోసం కాచిన నెయ్యి, పాలకోవా మాత్రం మేము ముందే చెప్పడంతో ఇంటి దగ్గరే ఉంచి వచ్చారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయటి నుండి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవి తేకూడదు. 2019 డిసెంబరు నుండి పండ్లు, కూరగాయలు, ఆకులు తేవాలన్నా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, దురియన్ - ఈ ఐదింటికి మాత్రమే మినహాయింపు. "కరివేపాక్కి కూడా సర్టిఫికెట్టా!" అని ఆవిడ నవ్వారు. కాని ఆ నవ్వు వారం రోజులు నిలవలేదు.

ఇక్కడి బాస్మతి అన్నం ఆవిడకు సయించలేదు. "పుల్లలు పుల్లలుగా ఉందర్రా, గొంతు దిగడం లేదు" అనేవారు. పెరుగు చప్పగా ఉందనేవారు. కూరలో రుచి లేదనేవారు. మాకు బాధ కలుగుతుందని రెండు ముద్దలు తిని కంచం ముందు నుండి లేచేవారు. రెండవ ఆదివారం మధ్యాహ్నం ఆవిడకు ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణకడం మొదలైంది. మాత్ర వేసుకున్నారు, అన్నం సరిగా తినలేదు. షుగరు పడిపోయింది. వెంటనే పంచదార నీళ్లు తాగించాము. పావుగంటకు తేరుకున్నారు. గుంటూరులో ఆవిడను చూసే డాక్టరుగారికి ఫోను చేస్తే, "ఏది పెడితే ఆవిడ కడుపు నిండా తింటారో అది పెట్టండి. మాత్ర వేసుకున్నాక భోజనం మానకూడదు" అని ఖచ్చితంగా చెప్పారు. ఆ సాయంత్రం ఆవిడ, "నన్ను పంపించెయ్యండి నాయనా, మీకెందుకు ఈ భారం" అన్నారు. పిల్లలు ఏడ్చారు. బియ్యం, పెరుగు, ఆకుకూర అనేవి మాకు అప్పటివరకు విసుగు పుట్టించే విషయాలు. ఆ రోజు నుండి అవి ఆవిడ ఉండటమా, వెళ్లడమా అనే విషయమయ్యాయి.

మర్నాటి నుండి వెదకడం మొదలుపెట్టాము. సోనా మసూరి బియ్యం బస్తా ఆర్డరు పెట్టాము. అది వచ్చేదాకా ఇక్కడి వారు పాలల్లో ఉడికించి పాయసంలా తినే గుండ్రని బియ్యం తెచ్చాము. మెత్తగా వండి పెరుగు కలిపితే ఆవిడ మాట్లాడకుండా తిన్నారు. టర్కీవారి దుకాణంలో కొత్తిమీర, పుదీనా కట్టలు కట్టలుగా, బెండకాయలు, చిన్న వంకాయలు, ఎర్ర మైసూరు పప్పు దొరికాయి. అరవైలలో పనికోసం ఈ దేశం వచ్చిన టర్కీ కుటుంబాలు తమ తిండి కోసం పెట్టుకున్న కొట్లు ఈరోజు మనలాంటి వారిని ఆదుకుంటున్నాయి.

బుధవారం అమ్మమ్మగారిని పాత ఊరి సంతకు తీసుకువెళ్లాము. ఆల్ట్‌స్టాట్‌మార్క్ట్ అనే చౌకులో, సెయింట్ మార్టిన్ పేరున్న పాత గుడి నీడన, బుధ, శనివారాల్లో రైతులు బల్లలు వేసి అమ్ముతారు. ఈ ప్రాంతం ఆస్పరాగస్ అనే తెల్లని కాడలకు పేరుపడింది. వసంతకాలంలో మొదలై, బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ అయిన జూన్ 24తో ఆ పంట కోత ఆపేస్తారు. ఆ తరువాత కోస్తే మరుసటి ఏటికి మొక్కకు బలం ఉండదట. ఆవిడ ఆ కాడలను పట్టించుకోలేదు. ఒక బల్ల ముందు ఆగి, పచ్చని ఆకు ఒకటి తుంచి నోట్లో వేసుకుని, కళ్లు పెద్దవి చేశారు. "ఇది చుక్కకూరేనర్రా!"

నిజమే. జర్మన్ భాషలో 'జౌవర్‌ఆంఫర్' అనే ఆ పుల్లాకు, మన చుక్కకూర ఒకే జాతివి. అచ్చం అదే కాదు గాని, అక్కచెల్లెళ్లు. పక్క బల్ల మీద 'రబార్బర్' అనే ఎర్రని పుల్లని కాడలున్నాయి. ఆకులు విషం కాబట్టి కాడలే అమ్ముతారు. వీళ్లు దానితో జామ్, కేకు చేసుకుంటారు. ఆవిడ దాన్ని పప్పులో వేశారు. మామిడికాయ పప్పుకు ఏమాత్రం తీసిపోలేదు. ఆ పూట ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఏమీ మాట్లాడలేదు.

ఆ చుక్కకూర పప్పు గిన్నెతోనే పై వాటాలో ఉండే పెద్దావిడతో స్నేహం కలిసింది. ఎనభై దాటిన జర్మన్ స్త్రీ, ఒంటరిగా ఉంటారు. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ ఆకుతో సూప్ చేసేదట. పిల్లలు దుబాసీలుగా కూర్చుంటే ఇద్దరు ముసలమ్మలు గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఒకరోజు అమ్మమ్మగారు ఉండబట్టలేక అడిగారు. "ఇంత గొప్ప దేశంలో ఆదివారం ఒక్క కొట్టు తెరవరేమిటమ్మా?"

ఆ పెద్దావిడ ముప్పై ఏళ్లు షాపులో పనిచేశారట. ఆవిడ చెప్పినదాని వెనుక ఉన్న చరిత్రను మేము తరువాత చదివి తెలుసుకున్నాము. ఆదివారాన్ని, పండుగలను పని నుండి విశ్రాంతికి, ఆత్మోన్నతికి కేటాయించిన దినాలుగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాశారు. 1949 నాటి రాజ్యాంగం ఆ మాటను అలాగే ఉంచింది. షాపుల వేళలపై 1956లో ఒక చట్టం వచ్చింది. వారం రోజుల్లో సాయంత్రం ఆరున్నరకు, శనివారం మధ్యాహ్నం రెండింటికే మూసేయాలి. 1996లో, 2003లో ఆ వేళలు పెరిగాయి. 2006 నుండి వేళల నిర్ణయం రాష్ట్రాల చేతికి వచ్చింది. చాలా రాష్ట్రాలు మామూలు రోజుల్లో ఎంతసేపైనా తెరుచుకోనిచ్చాయి. బెర్లిన్ మాత్రం ఒక అడుగు ముందుకు వేసి, క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ షాపులు తెరవవచ్చని చట్టం చేసింది. ప్రొటెస్టెంట్, కతోలిక సంఘాలు రెండూ కోర్టుకు వెళ్లాయి. 2009 డిసెంబరు 1న రాజ్యాంగ న్యాయస్థానం సంఘాల పక్షాన తీర్పు చెప్పింది. కార్మిక సంఘాలు కూడా ఈ విషయంలో చర్చీలతో కలిసి నిలబడుతూ వస్తున్నాయి. ఇక్కడ ఆదివారం గుడికి వెళ్లేవారు బాగా తగ్గిపోయారు. అయినా ఆ రోజు మీద మమకారం పోలేదు.

పెద్దావిడ ఇవేమీ చెప్పలేదు. "ఆదివారం మా ఆయన, పిల్లలు, నేను ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్లం. మిగతా ఆరు రోజుల్లో అది కుదిరేది కాదు" అన్నారు. అంతే. అమ్మమ్మగారు చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత మాతో, "మన చెల్లెలి మనవరాలు బట్టల షాపులో చేస్తుందా, దానికి మంగళవారం సెలవు. ఆదివారమే బేరాలెక్కువని పంపరు. గుడికొచ్చి ఎన్నాళ్లయిందో ఆ పిల్ల" అన్నారు. వారానికో సెలవు మన చట్టంలోనూ ఉంది. కాని ఇంట్లో అందరికీ ఒకే రోజు సెలవు దొరకడం వేరు. మాకు ఆదివారం పెరుగు దొరకలేదని విసుగు. ఆ పెరుగు అమ్మవలసిన మనిషికి కూడా ఒక ఇల్లుందన్న సంగతి ఆ రోజు అమ్మమ్మగారి నోట మా ముందుకు వచ్చింది.

ఆవిడ తిరిగి వెళ్లేముందు మేమంతా హెల్మ్‌స్టెట్ వెళ్లాము. బ్రౌన్‌ష్వైగ్ నుండి తూర్పుగా రైలులో కొద్ది ప్రయాణం. గుంటూరు లూథరన్ సంఘంలో పెరిగిన ఆవిడకు ఆ ఊరి పేరు చెప్పగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్‌గారు పుట్టిన ఊరు అది. 1793లో ఇక్కడ పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లి, అక్కడి సంఘం పంపగా మన తెలుగు నేలకు వచ్చారు. డెబ్భై దాటాక 1869లో మరోసారి కూడా బయలుదేరారు. "ఆ మహానుభావుడు మన ఊళ్లో మొదటి రోజు అంగట్లో ఏమడిగాడో, మనవాళ్లు ఏమిచ్చారో! ఎండాకాలంలో మన కారం ఎట్లా తిన్నాడో!" అని అమ్మమ్మగారు వీధి పొడవునా అదే మాట. పరాయి దేశంలో తిండి కోసం తిప్పలు పడటం మనతో మొదలైంది కాదని మాకు కూడా అప్పుడే తోచింది.

ఆ ఊరి పక్కనే మారియన్‌బోర్న్ ఉంది. జర్మనీ రెండుగా చీలి ఉన్న రోజుల్లో తూర్పు, పడమరల మధ్య అతిపెద్ద సరిహద్దు నాకా అది. ఇప్పుడు స్మారక స్థలం. అటు తూర్పున ఉన్నవారికి అరటిపండ్లు, కమలాలు అపురూపం. వచ్చాయంటే క్యూలు కట్టేవారు. 1989 నవంబరులో సరిహద్దులు తెరిచినప్పుడు పడమటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వం వంద మార్కులు ఇస్తే, చాలామంది ఆ డబ్బుతో పండ్లు, కాఫీ కొనుక్కుని వెళ్లారట. ఆ మాట విని మా చిన్నమ్మాయి తన చేతిలోని అరటిపండు కేసి చూసుకుంది.

ఈ దేశానికి వచ్చే మన పిల్లలకు, వారిని చూడవచ్చే తల్లిదండ్రులకు మా అనుభవం కొద్దీ చెప్పేది ఇదే. శనివారం మధ్యాహ్నానికల్లా ఆదివారం సామాను ఇంట్లో ఉండాలి. షుగరు ఉన్న పెద్దవారు వస్తుంటే వారు తినే బియ్యం వారికంటే ముందు ఇంటికి చేరాలి. టర్కీవారి కొట్టు, వారపు సంత ఎక్కడున్నాయో మొదటి వారంలోనే తెలుసుకోవాలి. పెద్దవారిని ఇంట్లో కూర్చోబెట్టకుండా సంతకు తీసుకువెళ్లాలి. మనకు గడ్డిలా కనిపించే ఆకును వాళ్లు గుర్తుపడతారు.

అమ్మమ్మగారు మూడు నెలలూ పూర్తిగా ఉండి వెళ్లారు. మొన్న ఫోనులో చెప్పారు, ఇప్పుడు మటన్ శనివారం సాయంత్రమే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నారట. కొట్టతను, "ఏం మామ్మా, ఆదివారం రావడం మానేశావు?" అని అడిగాడట. "నువ్వు కూడా ఒక్క ఆదివారం మూసేసి పిల్లలతో అన్నం తినరా అబ్బాయ్" అన్నారట. అతను నవ్వాడట గాని, కొట్టు మాత్రం తెరిచే ఉంచాడట.